టీ ట్రే కింద గూడెం

రిటైర్ కావడానికి ముందు ఏడాది ఎండాకాలం, తార్నాక దగ్గరి యూనివర్సిటీలో, భూగోళ శాఖ నక్షల గదికి నేను అటెండర్‌ని. చదివింది ఏడో తరగతి. తాళంచెవి నా దగ్గర ఉండేది కాబట్టి పీహెచ్‌డీ వాళ్లు కూడా నన్నడిగే లోపలికి వచ్చేవాళ్లు.

కొత్త నక్ష రాగానే పాత షీటు మీద ‘రద్దు’ ముద్ర కొట్టి, చిత్తుకు పంపి, ఆ సంగతి రిజిస్టర్‌లో రాసి సంతకం పెట్టడం నా పని.

ఒకరోజు హాస్టల్ మెస్‌లో వంట చేసే లచ్చవ్వ వచ్చింది. ఉండేది మాణికేశ్వర్ నగర్‌లో. పుట్టిన గూడెం రిజర్వాయర్‌లో మునిగింది. వరి పండిన లోయలో ఇప్పుడు వలలు వేస్తున్నారట. వాగు దాటితే చేరే చుట్టాలింటికి ఇప్పుడు బస్సులో ఒక పూట ప్రయాణమట. ముంపు జాబితాలో పెద్ద ఊరుంది, గూడెం లేదు. అక్కడ ఇళ్లున్నట్టు వారంలోగా నక్ష చూపిస్తేనే కొత్త కాలనీలో జాగా ఇస్తామన్నారట ఆఫీసువాళ్లు.

మా శాఖ ప్రొఫెసర్ గారు ఆ లోయ కొత్త షీటు పరిచారు. అంతా నీలం.

“గీ నీళ్లల్ల మా ఇల్లేడున్నది సారూ?” అంది లచ్చవ్వ.

“చేపల్ని అడగాలె,” అన్నాను.

“అవి గూడ నీ అసొంటియే ఉంటయన్నా. తిని గూడ తినలేదంటయి.”

మెస్‌లో ఇంకా తినలేదని చెప్పి రెండోసారి టిఫిన్ తినే నా అలవాటు మీద చురక వేసిందామె. నాకు మాత్రం రిజిస్టర్ గుర్తొచ్చింది. చిత్తుకు పంపినట్టు అందులో రాశానే గానీ, పాత షీటును నేను పంపనే లేదు. కాగితం మందంగా ఉందని బీరువాలో టీ ట్రే కింద పరిచాను.

తీసుకొచ్చాను. వాగు మలుపులో ఆరు నల్ల చుక్కలు, పక్కన గూడెం పేరు, పేరు మీద గ్లాసు మరక. లచ్చవ్వకు చదువు రాదు. మలుపు మీద వేలు పెట్టి, “గీడనే మేం బట్టలుతికేది,” అంది.

“నకలు మీద నేను సంతకం పెట్టాలంటే అసలు షీటు మన దగ్గరున్నట్టు రిజిస్టర్ చెప్పాలయ్యా. నువ్వేమో దీన్ని ఎప్పుడో చంపేశావు,” అన్నారు ప్రొఫెసర్ గారు.

అంటే తప్పుడు రాత రాసినట్టు నేను ఒప్పుకోవాలి. అన్నేళ్ల నౌకరీలో ఒక్క మెమో లేదని మేముండే అడిక్‌మెట్ అంతా చెప్పుకుని తిరిగినవాణ్ని. తెల్ల కాగితం తీసుకుని, “చిత్తుకు పంపలేదు, టీ ట్రే కింద వేశాను,” అని రాసిచ్చాను. గూడెం జాబితాకెక్కింది, నాకు మెమో వచ్చింది. లచ్చవ్వ నెలరోజులు నా ప్లేటులో కూర ఎక్కువ వేసి, కొత్త కాలనీకి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ముద్ర కొట్టే ముందు రెండు షీట్లూ పక్కపక్కన పెట్టి, కొత్తదాంట్లో లేని ఊళ్ల పేర్లు రిజిస్టర్‌లో రాసిపెట్టేవాణ్ని. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో కొత్త నక్ష చెబుతుంది. ఎవరి మీదికి వచ్చాయో పాతదాన్నే అడగాలి.