రాళ్ళ కట్ట మీద మా బావ అనుమానం

మా బావది పుట్టుకతో వచ్చిన అనుమానం కాదు, వయసుతో పాటు పెరిగింది. అక్కను పెళ్ళి చేసుకున్న కొత్తలో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని గాలం గుట్లన్నీ విప్పిన మనిషి, ఇప్పుడు నేను అక్కతో రెండు మాటలు మాట్లాడితే చాలు, "ఏంటి మీ ఇద్దరి గుసగుసలు?" అంటాడు.

ఓడల మరమ్మతు షెడ్డులో ఇనప రేకుల మీద సమ్మెట వేసి వేసి రిటైరయ్యాడు. ఇప్పుడు పొద్దున్నే రేవు పక్కనున్న రాళ్ళ కట్ట మీద గాలం వేస్తాడు. పడితే పండుగప్ప చేపనే పట్టాలి, మిగతావి ఆయనకు ఆనవు. బతికున్న ఎర ముట్టడు. చెక్కతోనో రబ్బరుతోనో చేసిన ఉత్తుత్తి చేపలే కడతాడు. నీళ్ళు తేటగా ఉంటే వెండి రంగుది, సన్నది. వాన నీళ్ళు కలిసి బురదగా ఉంటే నల్లది, పొట్టలో గోళీలు గలగలలాడేది. పోటు ఎక్కేటప్పుడు రాళ్ళ వారగా విసరాలంటాడు, పండుగప్ప ఆ నీడలోనే నక్కి ఉంటుందట.

ఆ కట్ట మీద ఒక మర్యాద ఉంది. ఎవరు ఏ ఎర కట్టారో ఎవరూ అడగరు. ఎర మార్చేవాడు అందరికీ వీపు తిప్పుకుంటాడు. మా బావ వీపు చాలక చొక్కా కూడా అడ్డం పెడతాడు. అంత చేసినా ఆయన కొత్త పద్ధతి ఏదైనా నాలుగు రోజుల్లో కట్టంతా పాకిపోయేది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మా బావ మాత్రం పట్టేశాననుకున్నాడు. ఆ దొంగ నేనేనట.

నాకు పరీక్ష కూడా పెట్టాడు. ఒకరోజు నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి తలుపు వేసి, "సీసం తల ఉన్న రబ్బరు చేపను అడుగుదాకా దించు. రీలు రెండు చుట్లు చుట్టు, ఆపు, చిన్న గుంజు గుంజు, మళ్ళీ ఆపు. ఆపినప్పుడే కొడుతుంది. ఇది నీకు తప్ప ఇంకెవరికీ చెప్పలేదు," అన్నాడు. మర్నాటి నుంచి ఇద్దరం కట్ట మీద అదే చేశాం. వారం తిరక్కుండా కట్టంతా అదే గుంజు.

ఆ సాయంత్రం మా గుమ్మంలో నిలబడి, "ఇక నా పక్కన నిలబడొద్దు. మా ఇంటికీ రావొద్దు," అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అంతకంటే ఎక్కువ ఏడుపొచ్చింది. అమ్మ పోయాక నాకు మిగిలింది అక్క ఒక్కతే, ఆ ఇల్లు ఎలా వదులుకోను?

మర్నాడు కట్ట మీద బావ చెయ్యి పట్టుకుని, అక్కడే గాలం వేసే ఒక బోటు మెకానిక్కు దగ్గరికి లాక్కెళ్ళాను. అందరికంటే ముందు బావను కాపీ కొట్టేది వాడే.

"ఆ గుంజు నీకెవరు నేర్పారో ఈయన ముందు చెప్పు," అన్నాను.

"ఇంకెవరు, ఈయనే," అన్నాడు వాడు, ఇంజన్ల దగ్గర అలవాటైన పెద్ద గొంతుతో. "విసిరిన దగ్గర్నుంచీ 'రెండు చుట్లు, ఆపు, గుంజు' అని అరుస్తూనే ఉంటావు కదన్నా. ఆ చివర నిలబడ్డవాళ్ళకు కూడా వినపడుతుంది. మాకు నేర్పుతున్నావనే అనుకున్నాం."

నిజమే. ఆ పాట రోజూ నేనూ వింటున్నాను. ఫ్యాను చప్పుడులా అలవాటైపోయి, నా బుర్రకే తట్టలేదు.

బావ నా వైపు తిరిగాడు. "నేను మనసులో అనుకుంటున్నాను కదరా?"

"లేదు బావా. పైకే అంటున్నావు."

 బావ అడిగాడు, "మరి నువ్వూ మీ అక్కా గుసగుసలాడుకునేది?"

"గుసగుసలు కాదు. మామూలుగానే మాట్లాడుకుంటున్నాం."

నాకు కుడివైపు నిలబడ్డ బావ గాలం తీసుకుని, నన్ను దాటుకుని ఎడమవైపుకు వచ్చి నిలబడ్డాడు.

"ఈ చెవి కాస్త నయం," అన్నాడు. "ఇన్నాళ్ళూ మీ అక్క ఏమేం అందో చెప్పు."