సుద్దగీతల స్టాలు

హైదరాబాదులో ఎగ్జిబిషన్ అన్న మాట వినబడగానే, అంబాజీపేట కొబ్బరిపీచు కంపెనీలో గన్నేశ్వరరావు జేబులోకి టేపూ సుద్దముక్కా వచ్చేస్తాయి. ఇరవై ఏళ్లుగా అక్కడ స్టోరుకీపరు. ఎగ్జిబిషన్ మాత్రం ఎన్నడూ చూడలేదు. పీచు ఆరబోసే గచ్చు మీద స్టాలు కొలతకి పదడుగుల చదరం గీసి, లుంగీ ఎగ్గట్టి, తాళ్లచుట్టలూ గుమ్మం ముందు పరిచే పీచుపట్టాలూ అందులో సర్దుతాడు. ఆపైన గీత అవతలికి వెళ్లి, కొనడానికి వచ్చినవాడిలా చేతులు వెనక్కి కట్టుకుని లోపలికి నడుస్తాడు. కాలికి ఏదైనా తగిలిందా, మళ్లీ మొదటినుంచీ సర్దాల్సిందే. ఎవరికీ ఎదురు చెప్పే మనిషి కాదు. ఏం చెప్పినా "ఆయ్, అలాగేనండి" అంటాడు.

రెండువేల మూడులో, ఈసారి స్టాలుకి వెడల్పు ఆరడుగులే ఇస్తామని ఎగ్జిబిషన్ వాళ్ల నుంచి ఉత్తరం వచ్చింది. ఓనరు భాస్కరంగారు చనిపోయిన తండ్రిగారి నిలువెత్తు ఫోటో తెప్పించి, గీతల మధ్య నిలబెట్టించి, "ఇది కదలకూడదు. మిగతావి నువ్వు చూసుకో" అన్నారు. గన్నేశ్వరరావు మూడుసార్లు సర్దాడు. ఆరుగురు ఆడవాళ్లు రెండు నెలలు కూర్చుని నేసిన పెద్ద పట్టాకి చోటు చాల్లేదు.

"పెద్దాయన్ని చూసి ఆర్డర్లివ్వరండి," అన్నాడు నేలకేసి చూస్తూ. "పట్టాని చూసి ఇస్తారండి."

భాస్కరంగారు గీత బయట మిగిలిపోయిన పట్టాకేసీ, ఫోటోకేసీ చూశారు. చివరికి, "సరే, తీసెయ్" అన్నారు.

గన్నేశ్వరరావు ఎవర్నీ పిలవకుండా ఫోటోని తనే ఎత్తుకెళ్లి ఆఫీసుగోడకి తగిలించాడు. తాళ్లు మోసే కూలీగా వచ్చిన తనని స్టోరులో కూర్చోబెట్టింది ఆ పెద్దాయనే. తువ్వాలుతో అద్దం తుడిచి, "ఏవనుకోకండి బాబూ" అని దండం పెట్టి, పట్టా పరవడానికి వెళ్లాడు.