ప్రేమలేఖ చివరి మర్యాద

ట్యూరిన్ నగరంలో, విదేశాంగ కార్యాలయంలో, డిఫెండెంతె క్వాల్యా ముప్పదియొక్క సంవత్సరాలుగా రాయసకాడు. రాయబారుల చిత్తులకు శుద్ధప్రతులు వ్రాయడం అతని వృత్తి. ఒక్క కొట్టివేత లేకుండా వ్రాసి, తడి సిరాపై సన్నని ఇసుక చల్లి విదిలించేవాడు. లేఖాంతంలోని గౌరవవాక్యాన్ని మాత్రం రాయబారులెవ్వరూ చిత్తులో వ్రాసేవారు కారు. మామూలే కదా అని అడ్డంగా ఒక గీత గీసి విడిచేవారు. ఆ గీత కంటబడితే చాలు, డిఫెండెంతె చేయి తనంతట తానే సాగి ఆ వాక్యం పూర్తిగా వ్రాసేసేది.

ఆ రాయబారులలో ఎవాసియో గ్రొందానా దొర నాటకకర్త కూడా. ఆ ఏటి కార్నివాల్ పండుగకు ఆయన తొలి హాస్యనాటకం ప్రదర్శనకు సిద్ధమైంది. ముందునాడు ఆయన ఒక చిత్తు తెచ్చి డిఫెండెంతె బల్లపై పెట్టాడు.

"రెండో అంకంలో నాయిక చదివే ప్రేమలేఖ ఇది. నటులు ఉత్తరాలు కంఠస్థం చెయ్యరు, కాగితం చూసే చదువుతారు. నీ గుండ్రటి అక్షరాల్లో రాసిపెట్టు. రేపు నువ్వూ మీ ఆవిడా వచ్చి చూడండి."

మరునాటి మధ్యాహ్నం నాటకశాల నిండింది గాని, మొదటి అంకానికి ఒక్కరూ నవ్వలేదు. ముందు వరుసలో విదేశాంగ మంత్రిగారు ఆవులించారు. పై అంతస్తులో కాల్చిన చెస్ట్‌నట్ గింజలు ఒలుస్తూ డిఫెండెంతె భార్య పెత్రోనిల్లా అంది:

"ఏవండీ, ఇది హాస్యమేనా? మా మేనత్త పోయినప్పుడు ఇంతకన్నా ఎక్కువ నవ్వాం."

"ఊరుకోవే, వింటారు!"

రెండవ అంకంలో నాయిక లేఖ విప్పింది. "నీవు లేని ఉదయం నాకు ఉదయమే కాదు" అని గద్గదంగా చదివి, పుట త్రిప్పింది. డిఫెండెంతె ముందుకు వంగి చూశాడు. ఇంత చిన్న లేఖకు రెండవ పుట ఎందుకుంది? దొర అలవాటుకొద్దీ గీత గీశాడు. తన చేయి అలవాటుకొద్దీ సాగింది!

"పెత్రోనిల్లా, నా ఉద్యోగం పోయిందే!"

నాయిక తడబడినా చదువక తప్పలేదు: "ఘనత వహించిన తమ సముఖమునకు అనేక ప్రణామములు అర్పించుకొనుచు, తమ మిక్కిలి విధేయసేవకుడనై యుండు గౌరవము నాకు కలదు."

అంతలో ఆ వాక్యం క్రింద జీవితమంతా సంతకాలు చేసిన మంత్రిగారే పొట్ట పట్టుకొని నవ్వారు. వెనువెంటనే శాల అంతా ఘొల్లుమంది. అటుపై ఆ అంకంలో ప్రతి మాటకూ నవ్వులే.

తెర పడగానే డిఫెండెంతె టోపీ చేతబట్టుకొని వేదిక వెనుకకు పరుగెత్తాడు.

"అయ్యగారూ, ముప్పయ్యొక్క ఏళ్లలో ఇదే మొదటి తప్పండీ. క్షమించాలి."

దొర అతణ్ణి కౌగిలించుకొని రెండు బుగ్గలపై ముద్దుపెట్టాడు. "గీత గీసింది నేనేగదయ్యా! మునిగిపోయే నాటకాన్ని ఒడ్డుకి లాగావు. రేపటి ఆటలోనూ ఆ వాక్యం ఉండాల్సిందే."

డిఫెండెంతె ముఖం గంభీరమైంది. "ఉంచేటట్టయితే ఊరు, తేదీ, జాబు సంఖ్య కూడా వెయ్యాలండి. లేకపోతే ఆ ఉత్తరం చెల్లదు."

దొర నవ్వు ఆపుకోలేక కూలబడ్డాడు. "వెయ్యవయ్యా, వెయ్యి!"

మూడవ అంకానికి గంట మ్రోగినా భర్త రాకపోవడంతో పెత్రోనిల్లా వెదుకుతూ వచ్చింది. అట్టతో చేసిన సింహాసనంపై కూర్చొని అతడు దీక్షగా వ్రాస్తున్నాడు.

"ఏవండీ, ఇంతకీ ఉద్యోగం ఉందా, ఊడిందా?"

"ఉందే. పని కూడా పెరిగింది" అన్నాడతడు, కలం ఎత్తకుండా.