గుమ్మడి తీగకు పత్తి మందు

బతుకమ్మ రోజుల్లో మా వాడలో పూలకోసం ఎవరూ ఎవరినీ అడగరు. ఎవరి పెరట్లో పూస్తే ఆ పెరట్లో తెంపుకుంటారు. సిద్దిపేటలో మా ఇంటి వెనక గోడమీదికి పాకిన గుమ్మడి తీగ ఆ రోజుల్లో సగం వాడకు ఉమ్మడి ఆస్తి. అందుకు నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

ఆ ఏడు తీగకు ఎర్ర పెంకుపురుగు పట్టింది. లేతాకులన్నీ జల్లెడలయ్యాయి. ఇస్త్రీ బండి దగ్గర బూడిద అడిగి తెచ్చుకుని రోజూ పొద్దున్నే, ఆకుల మీద తడి ఆరకముందే చల్లేదాన్ని. దొరికిన పురుగునల్లా ఏరి సబ్బునీళ్లలో వేసేదాన్ని. మా అక్క భర్త హుస్నాబాద్ దగ్గర పత్తి రైతు. ఒకరోజు మందులు కొనడానికి సిద్దిపేట వచ్చి ఆ రాత్రికి మా ఇంట్లో ఉన్నాడు. నా బూడిద గిన్నె చూసి, పురుగులకు పౌడరు పూస్తున్నానని ఒకటే ఏడిపించాడు.

మరునాడు పొద్దున తీగ దగ్గరికి వెళ్తే ఒక్క పురుగూ కదలడం లేదు. అన్నీ కింద రాలి ఉన్నాయి. తీగ మొదట్లోకి వంగి చూస్తే ఏదో ఘాటు వాసన. బావ నల్లా దగ్గర పళ్లు తోముకుంటున్నాడు.

“ఏం కొట్టినవ్ బావా?”

“పత్తికి కొట్టేదే. నీ స్ప్రే సీసల నీళ్లు పోసి ఇంత మూతెడు కలిపిన. పీడ పోయింది చూడు.”

నేను ముందురోజు సాయంత్రం బజారుకు వెళ్లినప్పుడు కొట్టాడట. పాపం, నా మీద ప్రేమతోనే. తిట్టడానికి నోరు తెరుస్తుండగానే గోడవైపు కళ్లు పడ్డాయి. అక్కడ పెద్దాకులు లేవు. తెంపిన తొడిమల్లోంచి ఇంకా నీరు కారుతోంది.

గోడ అవతలిది పక్కింటి పెద్దమ్మ ఇల్లు. బతుకమ్మ ఉన్నన్నాళ్లూ ఆమె పొద్దున్నే గుమ్మడాకులో నువ్వుల ముద్దలు పెట్టి గౌరమ్మకు చూపిస్తుంది. మొదటి ముద్ద కడుపుతో ఉన్నవాళ్లకు ఇవ్వడం ఆ ఇంటి ఆనవాయితీ. పురిటికని వచ్చిన ఆమె కూతురు ఆ ఇంట్లోనే ఉంది. ఇదంతా గుర్తొచ్చి, చెప్పులు కూడా వేసుకోకుండా వీధి చుట్టూ తిరిగి పరుగెత్తాను.

వంటింట్లో ఆ పిల్ల ఆకు ముందు కూర్చుని ఉంది. చేతిలో సగం ముద్ద. గబుక్కున ఆ చేయి పట్టుకున్నాను.

“తినకు బిడ్డా. ఆకుకు మందు కొట్టిన్రు.”

ఆమె నమలడం ఆపేసింది. పెద్దమ్మ కూతురి నోటికింద దోసిలి పట్టి ఉమ్మేయమంది. అప్పటికే ఒక ముద్ద తిన్నానని ఆ పిల్ల మెల్లగా చెప్పింది.

ఆటోలో దవాఖానకు వెళ్లాం. బావ మందు సీసా పట్టుకుని బండి మీద వెనకే వచ్చాడు. డాక్టరమ్మ సీసా మీది పేరు చదివి లోపలికి వెళ్లింది. ఆ తలుపు తెరుచుకునేదాకా మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. మధ్యాహ్నం దాటాక బయటికొచ్చి, తల్లికీ బిడ్డకూ భయం లేదనీ, సాయంత్రం దాకా మాత్రం ఉంచుకుంటామనీ చెప్పింది. పెద్దమ్మ అక్కడే గోడకు ఆనుకుని కూలబడింది.

డాక్టరమ్మ సీసాను కాగితంతో పట్టుకుని బావకు తిరిగిచ్చింది. ఆ మందు చర్మానికి తగిలినా ఒంట్లోకి దిగుతుందనీ, చేతులకు తొడుగులు లేకుండా ముట్టుకోవద్దనీ మందలించింది. బావ తలూపి సీసాను చొక్కా జేబులో పెట్టుకోబోయాడు.

“చేన్ల కొట్టేటప్పుడు చేతులకేం తొడుగుతవ్ బావా?” అని అడిగాను.

“తొడుగుడేంది? బకీట్ల కలిపేదే చేత్తోటి,” అన్నాడు.

పొద్దున్నుంచి నేను ఒక్క ఆకు కోసం వణికిపోతున్నాను. నా ముందున్న ఆ చేతుల గోళ్లు ఎప్పుడో పసుపుపచ్చగా మారిపోయాయి.