గడ్డిబండిలో రెండో సీటు

రాజమౌళి బస్సు డ్రైవరు మీద గెలిచిన రోజు కిష్టవ్వ అదే బస్సులో, ముందు సీటులో, ఉల్లిగడ్డల సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. కాబట్టి ఇది ఎవరో చెప్పగా విన్న సంగతి కాదు, కళ్ళారా చూసిందే.

దుబాయ్‌లో, ఇంటర్నేషనల్ సిటీ స్టాపులో బస్సు ఆగింది. రాజమౌళి ఒక కాలు మెట్టు మీద పెట్టి, గోనెసంచి చుట్టిన గడ్డి కోసే మిషనును పైకి లాగాడు. చేత్తో తోసే మిషను. ఇంజనూ లేదు, పెట్రోలూ లేదు. రెండు చక్రాలు, నడుమ బ్లేళ్ళు, ఒక పొడుగాటి పిడి. డ్రైవరు పెషావరు మనిషి. మీసాలు దండిగా ఉన్నాయి, ఓపిక మాత్రం లేదు.

"ఇది బస్సు. లారీ కాదు. దింపు దాన్ని," అన్నాడు హిందీలో.

రాజమౌళి దింపలేదు. లోపల ఒక తల్లి పిల్లను తోపుడు బండిలో పెట్టుకుని నిలబడి ఉంటే అటు చెయ్యి చూపించాడు. వాడి హిందీ నిండా జగిత్యాల మట్టే. అయినా ఆ రోజు బాగా పారింది.

"భాయ్, ఆమె బండికి చక్రాలున్నయి, నా బండికీ ఉన్నయి. ఆమె బండికి పిడి ఉన్నది, నా దానికీ ఉన్నది. ఆమె బండిల ఉన్నది ఏడుస్తది. నాది ఏడ్వది. నీ బస్సుకు ఏది మంచిదో నువ్వే చెప్పు."

అప్పటిదాకా బుద్ధిగా ఉన్న ఆ పిల్ల, ఎవరో గిచ్చినట్టు గుక్కపట్టి ఏడుపు అందుకుంది. బస్సంతా గొల్లున నవ్వింది.

"కావాల్నంటే మిషనుకు గూడ కార్డు కొడత," అన్నాడు రాజమౌళి, జేబులోంచి కార్డు తీస్తూ.

డ్రైవరు నవ్వాపుకోలేక మొహం అద్దం వైపు తిప్పుకున్నాడు. "యల్లా, ఎక్కు. మళ్ళీ నా బస్సులో కనబడకు."

"రేపు గూడ నీదేనా డ్యూటీ?" అని అడిగి మరీ ఎక్కాడు.

ఇంత నోరున్న మనిషి పెళ్ళాంతో ఎట్లా నెగ్గుకొస్తున్నాడా అనుకుంది కిష్టవ్వ. తర్వాత తెలిసింది ఆమెకు. ఆ నోరు పరాయివాళ్ళ దగ్గరే లేస్తుంది. తనవాళ్ళు ఎదురైతే నాలుక మడతపడిపోతుంది. ఊరివాడు ఒకడు వచ్చి "రాజన్నా, జర..." అంటే చాలు. ఆ జర తర్వాత ఏముందో వినకముందే "సరే" అనేస్తాడు.

కిష్టవ్వది, రాజమౌళిది ఒకటే ఊరు. వాడికి ఆమె పెద్దమ్మ వరస. ఆమె చాలా ఏళ్ళు ఒక అరబ్బుల ఇంట్లో వంట చేసి, మోకాళ్ళు మొరాయించాక కూతురు ప్రేమ దగ్గరికి వచ్చేసింది. వచ్చి ఊరికే కూర్చోలేదు. పక్క ఫ్లాట్ల మగపిల్లలకు పప్పూ అన్నం వండి పెడుతుంది. ఆమె వంటకు వంక పెట్టినవాడు మర్నాడు హోటల్లో తింటాడు, అంతే.

అల్లుడు మల్లేశ్‌ది జెబెల్ అలీలో గోడౌను పని. ఒక్క గది ఇల్లు, మధ్యన పరదా. ఎంత ఇరుకైనా కిష్టవ్వ ఒక మర్యాద తప్పలేదు. అల్లుడు లోపలికి వస్తే అత్త కూర్చుని ఉండదు. కొంగు తల మీదికి లాక్కుని లేచి వంటగట్టు వైపు పోతుంది. అల్లుడూ అంతే, అత్త కూర్చున్న చోటికి రాడు, గడప దగ్గరే దగ్గుతాడు. ఇద్దరూ మొహం చూసి మాట్లాడుకున్నది లేదు. ఆమె చెప్పదలుచుకున్నది గిన్నెలకు చెబుతుంది, ఆయన గోడకు జవాబిస్తాడు. "ఇది దుబాయ్ అమ్మా, ఇక్కడెవరు చూస్తరు?" అంటుంది ప్రేమ. దుబాయ్ అయితే మాత్రం అల్లుడు కొడుకైపోతాడా?

రాజమౌళి ముందు తాపీపని దగ్గర కూలీ. తర్వాత గార్డెన్ కంపెనీలో చేరాడు. కరోనాకు ఆ కంపెనీ ఖలాస్. అప్పుడు సొంతంగా మొదలుపెట్టాడు, విల్లాల ముందు గడ్డి కోయడం. ఊళ్ళో పసుపు చేలో గడ్డి మొలిస్తే తిట్టుకుంటూ పీకినవాడే. ఇక్కడ అదే గడ్డికి నీళ్ళు పెట్టి, ఎరువేసి, క్షవరం చేయాలి. మొలవకపోతే తిట్లు. కోసిన గడ్డి సంచులకు సంచులు చెత్తలో పారబోస్తాడని విన్నరోజు కిష్టవ్వకు అన్నం సయించలేదు. "ఇంత పచ్చి గడ్డి! ఒక్క బర్రె లేకపాయె ఈ దేశంల."

తన నోటి పుణ్యాన రాజమౌళికి పెద్ద పని ఒకటి దొరికింది. వరసగా విల్లాలున్న కాంపౌండు ఒకటి. దాన్ని చూసుకునే ఆమె సుభాషిణి మేడమ్, కాకినాడ మనిషి. "మొత్తం గడ్డి మీకే ఇస్తాను రాజమౌళి గారూ. కానీ పెద్ద మిషను తేవాలి, కోసిన గడ్డి మీరే ఎత్తుకుపోవాలి. బస్సులో వస్తానంటే కుదరదు. సొంత బండి ఉండాలి," అంది. ఈ పని నిలిస్తే మనిషిగా నిలబడతాడు. పోతే మళ్ళీ పెత్తనం చేసే ఎవడో కంపెనీ ముదీర్ ముందు చేతులు కట్టుకోవడమే.

బండి సంగతి బయటపడగానే శుక్రవారం కిష్టవ్వ వాళ్ళ గదిలో పెద్దమనుషుల పంచాయితీ కూడింది. పరదాకు ఇవతల కిష్టవ్వ, అవతల మగవాళ్ళు.

కరీముల్లా నెల్లూరు మనిషి, కింద దర్జీ దుకాణం. కూలీల క్యాంపులకు యూనిఫారాల మూటలు మోసి మోసి మెడ పట్టేసింది ఆయనకు. "వ్యాను తీసుకో రాజన్నా. మూత ఉంటది, ఏసీ ఉంటది. ఎనకాల నాలుగు సీట్లు బిగిస్తే ఎంత సుఖమో!"

"గడ్డికి సీట్లెందుకు కరీముల్లా?" అంది పరదా వెనక నుంచి కిష్టవ్వ. "నిలబడి రాదా?"

"అట్టా కాదవ్వా, ఎండకు గడ్డి వాడిపోతది గదా."

"కోసినాక గూడ వాడిపోవద్దా? మరి కొప్పుల గులాబి పువ్వు గూడ పెట్టు దానికి."

మల్లేశ్ గొంతు సవరించుకున్నాడు. "వ్యాను ఏం ఇజ్జత్ బావా? నాలుగు డోర్ల పికప్ తీసుకో. ముంగట ఇద్దరం, ఎనుక ముగ్గురం. ఊరోళ్ళు దిగితే ఎయిర్‌పోర్టుకు పోవచ్చు. పండుగకు గుడికి పోవచ్చు."

"మరి గడ్డి ఎప్పుడు కోస్తడట?" అని కిష్టవ్వ పప్పు గిన్నెను అడిగింది.

"నడుమ నడుమ కోస్తడు," అన్నాడు మల్లేశ్ గోడతో.

రాజమౌళి మాత్రం కరీముల్లాకు "అవును" అన్నాడు, బావకు "అదీ నిజమే" అన్నాడు. బస్సు డ్రైవరును మట్టి కరిపించిన మనిషేనా అనిపించింది.

పాతబండ్ల బజారుకు మల్లేశ్, కరీముల్లా టాక్సీలో వెళ్ళారు. కిష్టవ్వ కూడా బయల్దేరింది. అల్లుడున్న టాక్సీ ఎక్కదు కనుక రాజమౌళి ఆమెతో బస్సులో వచ్చాడు. ఆమెను ఎవరూ పిలవలేదు. పిలిస్తేనే వెళ్ళేదైతే ఆమె ఇంతదూరం దుబాయే వచ్చేది కాదు.

అక్కడ చూడాలి వాళ్ళ సంబరం. మల్లేశ్ నాలుగు డోర్ల బండి వెనక సీట్లో కూర్చుని కాళ్ళు చాపి చూసుకున్నాడు. చాపినవాడు చాపినట్టే ఉండిపోయాడు. కరీముల్లా వ్యాను ఏసీ పెట్టించి, గడ్డం పైకెత్తి, కళ్ళు మూసుకుని గాలి పట్టించుకుంటున్నాడు. గడ్డి మిషను ఎక్కడ పడుతుందో చూసినవాడు ఒక్కడు లేడు. అమ్మేవాడికి అర్థం కాలేదు. "బండి ఎవరికి?" అని అడిగాడు. ఇద్దరూ రాజమౌళిని చూపించారు. అప్పటిదాకా అమ్మేవాడు వాడిని డ్రైవరనుకుంటున్నాడు.

రాజమౌళి మెల్లగా కిష్టవ్వను పక్కకు తీసుకుపోయాడు. దూరంగా ఒక మూలన తెల్ల పికప్ ఉంది. ముందు రెండే సీట్లు, వెనకంతా తొట్టి. పక్క రేకు మీద సొట్ట.

"పెద్దమ్మా, ఇది చూడు. డ్రైవరుకొకటి, పక్కనొకటి. గంతే."

"సొట్ట ఉన్నది గదరా."

"సొట్ట ఉంటే ఉండనీ. సీట్లు లెవ్వు." వాడి కళ్ళు మెరిశాయి. "కూసుంటనన్నోనికి కుర్చీ ఏస్తమా? జాగ లేదు. నేను వద్దన్నట్టు గాదు, బండి వద్దన్నట్టు."

కిష్టవ్వకు అప్పుడు తట్టింది. తన నోటితో అనలేని మాటను బండితో అనిపించాలని చూస్తున్నాడు వీడు. తెలివి ఉంది, ధైర్యమే లేదు. ఆమె వెనక తలుపు దింపమంది. మిషను ఎక్కేంత జాగా ఉంది, సంచులకూ ఉంది, పైన వల కప్పితే గడ్డి ఎగరదు. మధ్యాహ్నం దాకా మూసిన వ్యానులో పెడితే కోసిన గడ్డి ఉడికి కంపు కొడుతుంది. దీనికి ఆ బాధ లేదు.

"తీసుకో," అంది.

మల్లేశ్ మొహం మాడిపోయింది. "రెండు సీట్ల బండేంది బావా? మేకలను తోలుకపోతవా?" కరీముల్లా "అయ్యో రాజన్నా" అని మాత్రం అన్నాడు. ఆ అయ్యోలో మూటల బరువంతా ఉంది.

బండి తెచ్చిన రోజు పార్కింగులో నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టారు. వాచ్‌మన్ "జల్దీ, జల్దీ" అంటూ గేటు వైపు చూస్తున్నాడు. కిష్టవ్వ పసుపు పెట్టి, కుంకుమ పెట్టి, హారతి తిప్పి పక్కకు తప్పుకుంది. రాజమౌళి ఎక్కి తాళం తిప్పాడు. నిమ్మకాయలు చితకకముందే ఇవతలి తలుపు తెరుచుకుంది. మల్లేశ్ ఎక్కి కూర్చున్నాడు.

"మొదలు ఆడిబిడ్డ మొగడు కూసోవాలె బావా. శుభం."

ఎవరి ఆడిబిడ్డో, ఎక్కడి శుభమో! ఆ శుభం మర్నాడూ వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. మల్లేశ్ కంపెనీ బస్సు ఆగే చోటు నడిచిపోదగ్గదే. అయినా "ఎట్లనో పోతున్నవు గద, జర నన్ను దించు" అంటాడు. రాజమౌళి పోయేది తూర్పుకు, మల్లేశ్ దిగేది పడమరకు. అయినా వాడి నోట వచ్చేది "సరే"నే.

రెండు సీట్లు కొంటే గొడవ సగమైతుందనుకున్నాడు, పాపం. అది రెండింతలైంది. నాలుగు సీట్లుంటే అందరూ ఎక్కి నోరుమూసుకునేవాళ్ళు. ఒక్కటే సీటు కనుక దానికి గౌరవం వచ్చింది. కరీముల్లా తెల్లవారకముందే మూటతో కింద నిలబడటం మొదలుపెట్టాడు. ఒకరోజు మూట సీటు మీద పెట్టి టీ తాగొచ్చేసరికి మల్లేశ్ మూటను తొట్టిలోకి విసిరేసి కూర్చున్నాడు.

"సీటు నేను ముందు పట్టుకున్నా గదా మల్లేశన్నా!"

"నువ్వు పట్టుకున్నది మూటతోటి. నేను నడుముతోటి."

రాజమౌళి ఒక ఉపాయం చేశాడు. సీటు మీద మేక ఎరువు బస్తా పెట్టి బెల్టు కట్టాడు. మంచి ఎరువు, ఘాటైన ఎరువు. మల్లేశ్ వచ్చి చూసి, ముక్కు మూసుకుని, బెల్టు విప్పి, బస్తాను ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు. "పోనీ బావా, నీ కోసం గింత ఓర్చుకోనా?" అన్నాడు. ఆ రోజు గోడౌనులో ఆయన చుట్టుపక్కల ఎవరూ నిలవలేదని, పని సుఖంగా సాగిందని సాయంత్రం గోడతో చెప్పాడు కూడా.

వీటన్నిటి మధ్యలో గడ్డి ఆలస్యమవుతోంది. ఒకసారైంది, రెండోసారైంది. ఆ రెండోసారి సుభాషిణి మేడమ్ ఫోను చేసింది. రాజమౌళి కిష్టవ్వ దగ్గర అన్నం తింటున్నాడు. చెయ్యి ఎంగిలని స్పీకరు పెట్టాడు.

"రాజమౌళి గారూ, పిల్లలు సైకిళ్ళేసుకుని బయటికొచ్చాక మీరు మిషను తిప్పుతారా? బ్లేడుకి రాయి తగిలి ఎవరి కంట్లోనైనా పడితే? మీ పని బాగుంటుంది, కాదనను. ఇంకొక్కసారి ఆలస్యమైతే మాత్రం వేరేవాళ్ళని చూసుకుంటాను. తర్వాత ఏమీ అనుకోకండి."

"సరే మేడమ్," అన్నాడు. ఈ ఒక్కచోటే ఆ మాట సరైనది.

కిష్టవ్వ గరిటె పెట్టేసింది. "ఒక్కమాట అనరాదురా? బావా, నాకు ఆలస్యమైతున్నది, నడిచిపో అని. నాలుక అరుగుతదా?"

"బావను వద్దంటే అలుగుతడు. బావ అలిగితే చెల్లె ఏడుస్తది. నీ బిడ్డనే గద పెద్దమ్మా."

"కరీముల్లాకైతే అనొచ్చు గద."

"ఆయనకు అంటె, బావకు అనలేదేంది అంటడు."

కిష్టవ్వ గరిటె మళ్ళీ అందుకుంది. తనైనా అల్లుడికి చెప్పేదెట్లా? గిన్నెలకు చెప్పి చూసింది రెండు రోజులు. "పక్కోని పొట్ట కొట్టే సవారీ ఏం సవారీ?" అని సాంబారు గిన్నెను నిలదీసింది. జవాబివ్వడం ఇష్టం లేనప్పుడు గోడకు చెవుడు వస్తుంది.

మూడో రోజు సాయంత్రం రాజమౌళి అన్నం తిన్నాక కూడా లేచిపోలేదు. చెయ్యి కడుక్కున్నాడు, తువాలుతో తుడుచుకున్నాడు, మళ్ళీ కడుక్కున్నాడు. ఏదో ఉందని కిష్టవ్వకు తెలిసిపోయింది. చివరికి గడప అవతల పెట్టిన సంచి లోపలికి తెచ్చాడు. అందులో కొత్త మెత్త ఒకటి. పువ్వుల గలీబు, సీటుకు సరిపోయే సైజు.

"ఏందిరా గిది?"

"నీకే. మోకాళ్ళు నొయ్యకుండ."

"నా మోకాళ్ళ మీద నీకెప్పటి సంది గింత ప్రేమ?"

వాడు కింద కూర్చున్నాడు. బస్సు డ్రైవరు ముందు లేచిన ఆ నోరు ఇప్పుడు మెత్త అంచు పట్టుకుని దారాలు లాగుతోంది.

"పెద్దమ్మా, రేపటి సంది పొద్దుగాల నా తోటి బండ్ల రావాలె."

"వచ్చి? నేను గడ్డి కోస్తనా?"

"నువ్వేం కొయ్యకు. ఊకె ఆ సీట్ల కూసో. ముసలామెను లెమ్మనేటంత గుండె కరీముల్లాకు లేదు. కాంపౌండుల నీడ ఉన్నది, బెంచి ఉన్నది, చాయ్ నేను పోస్త. పని నిలబడే దాక, ఒక్క నెల."

కిష్టవ్వ మెత్తను అటూ ఇటూ తిప్పి, కుట్టు వదులుగా ఉందని చూపించి, పక్కన పెట్టుకుంది. వెనక్కి ఇవ్వలేదు.

"గంతేనా నువ్వు అడిగేది?"

"గంతే కాదు." రాజమౌళి పరదా వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "బావ బండి దాక వస్తడు. నువ్వు కొంగు నిండ కప్పుకో, మొఖం అటు తిప్పుకో, ఏమన్న చేసుకో. గని అల్లుడొచ్చిండని ఎప్పటి లెక్క లేస్తవు సూడు... గప్పుడు మాత్రం లేవకు పెద్దమ్మా."