బాపు వేళ్ళ మీద కీబోర్డాయన కన్ను

ఎక్కడ బ్యాండు కనిపించినా నా కళ్ళు ముందు కీబోర్డు వెనకున్న మనిషి మీదికే పోతాయి. గిటారు పట్టుకుని ఎగిరేవాణ్ణి ఎగరనీ, డ్రమ్ములు బాదేవాణ్ణి బాదనీ, వాళ్ళు చేసేది కళ్ళకు కనిపిస్తుంది. కీబోర్డతను ఒక మీట నొక్కి ఊరికే చేతులాడిస్తూ నిలబడినా మనకు తెలియదు. అందుకే వేలు కదిలిందా, దానికి తగ్గ శబ్దం వచ్చిందా అని కనిపెట్టుకుని కూర్చుంటాను. ఈ అనుమానపు జబ్బు నాకు ఎనభైల చివర్లో, మందమర్రిలో పట్టుకుంది.

బాపు, అంటే మా నాన్న, బొగ్గుబాయిలో బ్లాస్టింగ్ పని చేసేవాడు. ఆదివారం తెల్లచొక్కా తొడుక్కుని చర్చిలో హార్మోనియం ముందు కూర్చునేవాడు. మా చర్చిలో పాట ముందుగా ఎత్తుకునేది హార్మోనియం కాదు, ముందు వరసలో కూర్చునే ఒక పెద్దమ్మ. ఆ పూట ఆమె గొంతు ఎక్కడ లేస్తే అక్కడి నుంచే పాట. ఆ శ్రుతి వెతికి పట్టుకోవడం వాయించేవాడి పని. బాపు మొదటి మాటలోనే పట్టేసేవాడు. చిన్నప్పటి నుంచీ అది చూసి పొంగిపోయేదాన్ని.

ఆ ఏడు చాలా నెలలు ఆదివారాలు కూడా డ్యూటీ పడి బాపు వాయించలేకపోయాడు. క్రిస్మస్‌కు మళ్ళీ కూర్చోవాలని ఎదురుచూస్తున్నాడు. సరిగ్గా అప్పుడే కాలనీ పోరగాళ్ళు క్రిస్మస్ ఆరాధనలో వాయిస్తామని రాక్ బ్యాండు పెట్టి, కీబోర్డుకు కరీంనగర్ నుంచి ఒకతన్ని పిలిపించారు. అతని సింథసైజర్ బొంబాయిలో సెకండ్ హ్యాండులో కొన్నదట. అటూ ఇటూ చెక్కలు, పైన వరసలు వరసలుగా తిప్పుడు బొత్తాలు. ఒకసారి సన్నాయిలా మోగేది, ఇంకోసారి లారీ హారన్‌లా.

"గిసొంటి మిషిన్ ఉండంగ ఇంక హార్మోనియం ఎందుకు? లోపటి అర్రల పెడదాం," అన్నారు చర్చి పెద్దలు కొందరు. క్రిస్మస్ ఆరాధన అయ్యాక తేల్చుదామనుకున్నారు. ఆ చోటు కూడా పోతే బాపుకు బాయి తప్ప ఇంకేం మిగలదు. నాకు కడుపు మండిపోయింది.

చర్చిలో బాపు, పెద్దమ్మ, బ్యాండు కలిసి చేసే ప్రాక్టీసుకు రోజూ వెళ్ళి ఓ మూల కూర్చునేదాన్ని. ఆ కరీంనగర్ మనిషి తన కీబోర్డు మెట్ల వైపు చూసేవాడే కాదు. ఎంతసేపూ బాపు వేళ్ళ మీదే కన్ను. చూసి, ఒక బొత్తాన్ని వెంట్రుకవాసి తిప్పేవాడు. పెద్దమ్మ ఇంకా నోరు తెరవకముందే గట్టిగా వాయించేసేవాడు. ఆమె చేసేదిలేక అతనిచ్చిన శ్రుతిలోనే పాడేది. బాపు పనితనమంతా దొంగిలిస్తున్నాడని నాకు గట్టి నమ్మకం. పైగా ఆ పెట్టెలో క్యాసెట్ ఏదో తిరుగుతోందని కూడా అనుమానం. చర్చి ఊడ్చే వంతు మా ఇంటికి వచ్చినప్పుడు గుడ్డ ఎత్తి చూశాను. క్యాసెట్ పెట్టే చోటే లేదు. లోపలెక్కడో దాచి ఉంటాడనుకున్నాను.

"పోలీసోల్లింట్ల పుట్టాల్సినదానివి, మా ఇంట్ల పుట్టినవ్," అని నా అనుమానాలు విని మా అమ్మ, అవ్వ, నవ్వింది.

ఉండబట్టలేక అతన్నే అడిగేశాను. "అన్నా, పెద్దమ్మ ఎత్తుకున్నంక గదా వాయించాలె? నువ్వెందుకు ముందుగాల్నే మొదలువెడ్తున్నవ్?"

"గట్లయితేనే మంచిగుంటది చెల్లె," అని తల వంచుకుని వైర్లు సర్దుకున్నాడు.

అడిగినదానికి సరిగ్గా చెప్పనివాడు దొంగ కాక ఇంకెవడు?

క్రిస్మస్ పొద్దున చర్చి కిటకిటలాడింది. మొదటి పాటలు బ్రహ్మాండంగా నడిచాయి. తర్వాతి పాటకు ముందు కరెంటు పోయింది. ట్యూబులైట్లు ఆరిపోయాయి, సింథసైజర్ నోరు మూసుకుంది. నాకు ప్రాణం లేచొచ్చింది. హార్మోనియానికి కరెంటు అక్కర్లేదు కదా!

పెద్దమ్మ ఎప్పటిలా తన గొంతులో పాట ఎత్తుకుంది. బాపు మెట్లు నొక్కాడు. పాట ఒక దారి, హార్మోనియం ఒక దారి. సర్దుకుంటాడులే అనుకున్నాను. చరణం అయిపోయినా సర్దుకోలేదు. జనం ఒకరి ముఖాలొకరు చూసుకుంటూ గొంతులు తగ్గించారు. బాపు మాత్రం చిరునవ్వుతో హాయిగా వాయిస్తూనే ఉన్నాడు.

బాపుకు వినపడటం లేదు. బాయిలో ఏళ్ళ తరబడి పేలిన పేలుళ్ళు ఆయన చెవుల్ని తినేశాయి. మా ఇంట్లో అందరివీ పెద్ద గొంతులే కాబట్టి మాకు తెలియలేదు. పెద్దమ్మ పాట అందక, అలవాటైన మెట్ల మీదే వేళ్ళు నడిపిస్తున్నాడు. ఆ వేళ్ళను చూసి, తన పెట్టెను వాటికి కలిపి, పెద్దమ్మను ఆ శ్రుతిలోకి తెచ్చేవాడు నేను దొంగ అనుకున్న మనిషి.

అతను మూగబోయిన కీబోర్డు వదిలి వచ్చి బాపు పక్కన నిలబడ్డాడు. బాపు వాయిస్తున్న శ్రుతిలో అదే పాట గొంతెత్తి పాడాడు. గొంతు ఏమంత బాగాలేదు. పెద్దమ్మ ఒక్క క్షణం ఆగి విని, తన శ్రుతి వదిలేసి అతనితో కలిసింది. తర్వాత బ్యాండు పోరగాళ్ళు, ఆ వెనక చర్చి మొత్తం. హార్మోనియాన్ని లోపలి గదిలో పెడదామన్న పెద్దలు కూడా పాడారు.

ఇంటికి వస్తుంటే బాపు నడకలో కొత్త హుషారు.

"జూసినవా బిడ్డా, కరెంటు పోంగనే ఎవడు పనికొచ్చిండో? గా కరీంనగర్ పిలగాడు సుత నా ఎంబడే పాడిండు."

"నువ్వే బాపు, నువ్వే పనికొచ్చినవ్," అన్నాను.

నేనింకా ఏమీ అననట్టే, ఆయన నవ్వుముఖంతో నా జవాబు కోసం చూస్తూ నిలబడ్డాడు. దారిన పోయేవాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా మళ్ళీ చెప్పాను.