కడిగిన బొగ్గు

మా బొగ్గు పరీక్షల ల్యాబ్‌లో ఒక్కటే ఫోన్. గోడకి బిగించి ఉండేది. దాని మెలికల తీగ ఎంత సాగేదంటే, రిసీవర్‌ని భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని నేను తూకం బల్ల దాకా, అక్కడినుంచి ఫర్నేస్ దాకా వెళ్లిపోయేదాన్ని. రిజల్ట్స్ చెప్పే పని నాది. పని లేకపోయినా రిసీవర్ నా చేతిలోనే ఉండేది.

"ఏం చెల్లె, గా ఫోన్ నీ చెవికి అతికిచ్చుకున్నవా?" అనేవాడు అన్న.

అన్న అంటే సొంత అన్న కాదు, ఆ ల్యాబ్‌లో నా సీనియర్. కొత్తగూడెం బొగ్గు బాయిల దగ్గర పుట్టి పెరిగినవాడు. నేను విశాఖపట్నంలో, సముద్రానికి ఎదురుగా ఉన్న వీధిలో పెరిగినదాన్ని. ఉద్యోగంలో చేరేదాకా బొగ్గుని రైలింజన్‌లో తప్ప చూసి ఎరగను. డెబ్బైల చివర్లో, వెస్ట్ వర్జీనియా కొండల మధ్య ఆ చిన్న ఊళ్లో తెలుగు మాట్లాడే మనుషులం మేమిద్దరమే. అందుకని రోజూ పోట్లాడుకునేవాళ్లం.

ఒక సోమవారం పొద్దున్న ఒక ముసలాయన బకెట్‌తో వచ్చాడు. టోపీ తీసి, బకెట్‌ని నేలమీద కాకుండా బల్లమీద, గుడ్డ పరిచి పెట్టాడు. కొండ అవతల, పూర్వం ఒక కంపెనీ గని కార్మికుల కోసం కట్టిన కాలనీ ఉంది. ఇళ్లన్నీ ఒకే అచ్చు. కంపెనీ ఎప్పుడో వెళ్లిపోయింది. ఉండిపోయినవాళ్లంతా కలిసి ఒక చిన్న గని నడుపుకుంటున్నారు. వాళ్ల బొగ్గు కొనేది ఒకే ఒక్క పవర్ ప్లాంట్. ఇప్పుడా ప్లాంట్ వాళ్లు, బొగ్గులో బూడిద నూటికి పది దాటుతోంది, నెల రోజుల్లో బాగుచేసుకోకపోతే కాంట్రాక్ట్ రద్దు అన్నారట.

"మా బొగ్గు మంచిది, మిస్. మా ఇళ్లలో అదే వాడతాం. మీరే కాల్చి చూడండి," అన్నాడు.

కాల్చాను. బొగ్గుని పొడి చేసి, ఒక్క గ్రాము పింగాణీ గిన్నెలో వేసి, అంతా కాలిపోయి బూడిద మిగిలేదాకా ఫర్నేస్‌లో ఉంచి, ఆ బూడిదని తూచడం. అంతే పరీక్ష. ఆరు వచ్చింది. మళ్లీ చేశాను. మళ్లీ ఆరే. ప్లాంట్ వాళ్ల లెక్క పద్నాలుగు.

నాకు ఒళ్లు మండింది. "చూశావా అన్నా, శాంపిల్‌లో రాళ్లు ఏరి మరీ వేస్తున్నారు. పాపం, ముసలాయన."

అన్న ఒక బొగ్గు ముక్క తీసి వెలుగులో అటూ ఇటూ తిప్పాడు. "గింత తక్కువ బూడిద ఏ బాయిల వస్తది చెల్లె? బకెట్ల వచ్చిన బొగ్గును నమ్మకు. బాయి కాడికి పోయి చూసినంక మాట్లాడు."

"నువ్వెప్పుడూ పెద్ద కంపెనీల వైపే."

"నేను తరాజు దిక్కున్న."

నేను అప్పటికే డయల్ చేస్తున్నాను. ప్లాంట్‌లో బొగ్గు కొనే ఆఫీసర్ ఎత్తాడు. గొంతు పెద్దది చేశాను. మీ శాంపిల్ మోసం అన్నాను. ఆయన కోప్పడలేదు. "అయితే ఏం చేద్దాం?" అన్నాడు.

"మూడో శాంపిల్ నేనే తీస్తాను. మీ మనిషి పక్కన ఉండొచ్చు. ఆ రిజల్ట్ మీకూ వాళ్లకీ ఫైనల్."

"అప్పుడు నెల గడువు ఉండదు. సరేనా?"

"గడువు ఎందుకు? అక్కర్లేదు."

తర్వాత ముసలాయనకి ఫోన్ చేసి, గడువు సంగతితో సహా చెప్పాను. ఒక్క క్షణం ఆగి, "మీరు చదువుకున్నవాళ్లు. మీరు తీస్తానంటే మాకు భయం లేదు," అన్నాడు. ఫోన్ పెట్టేసి అన్న వైపు గర్వంగా చూశాను. అన్న గిన్నెలు కడుక్కుంటూ తలెత్తలేదు.

గురువారం కార్‌లో కొండ దాటాను. పక్క సీట్లో ప్లాంట్ మనిషి. కాలనీ మొదటి ఇంటి పెరట్లోనే, ముసలాయన భార్య రేకు తొట్టి ముందు కూర్చుని ఉంది. తొట్టిలో నీళ్లు, నీళ్లలో బొగ్గు. ఒక్కో ముక్కనీ కడిగి, వేలితో తడిమి, రాతిపొర ఉన్నదాన్ని పక్కన పడేసి, నల్లగా మెరిసేదాన్ని బుట్టలో వేస్తోంది. మా అమ్మ కందిపప్పులో రాళ్లు ఏరినట్టు.

"పొయ్యిలోకా?" అని అడిగాను.

"పొయ్యిలోకే. ఎప్పుడూ ఇలాగే చేస్తాం," అంది నవ్వుతూ. "మీ ల్యాబ్‌కి పంపింది ఇంకా శ్రద్ధగా కడిగాను, మిస్. తెల్లకోట్లు వేసుకునేవాళ్ల దగ్గరికి మురికిగా ఎలా పంపిస్తాం?"

మోసం చేసిన మనిషి ముఖం కాదు అది. అతిథి ముందు శుభ్రమైన కంచం పెట్టిన మనిషి ముఖం. ప్లాంట్ మనిషి నావైపు చూసి, తల తిప్పుకుని కొండకేసి చూశాడు. అతను నన్ను వెక్కిరించి ఉంటే బాగుండేది. కనీసం అరిచేదాన్ని.

గని దగ్గర లారీ నిండా బొగ్గు ఉంది. దాని మధ్యలో బూడిదరంగు రాతిపొరలు, కింద నిలబడ్డా కనిపిస్తున్నాయి. కడగడానికి గని దగ్గర ఏ ఏర్పాటూ లేదు. ఆ నెల గడువు కావలసింది దానికోసమే అని ముసలాయన అప్పుడు చెప్పాడు. తొట్టెల్లాంటివి చెక్కతో కట్టడం మొదలుపెట్టారు కూడా. సగం అయ్యాయి.

"గడువు అడిగి చూడనా?" అన్నాను ప్లాంట్ మనిషితో.

"మీరే వద్దన్నారని మా ఆఫీసర్ రాసేశాడు."

అన్న నేర్పినట్టే తీశాను. బొగ్గును చూడకూడదు, పార ఎక్కడ పడితే అక్కడ. పది చోట్ల తీసి, నలగ్గొట్టి, కుప్ప పోసి, అణిచి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు ఉంచుకుని, రెండు పారేసి, మళ్లీ కుప్ప. ఒకసారి పార కింద పెద్ద రాతిపలక వచ్చింది. దాన్ని పక్కకి నెట్టాలని చెయ్యి లాగింది. నెట్టలేదు. ముసలాయన నా సంచి మూతి పట్టుకుని సాయం చేశాడు.

శుక్రవారం ఫర్నేస్ తలుపు తీసేసరికి గిన్నెలో ఇటుకరంగు బూడిద, నేను అనుకున్నదానికంటే ఎక్కువే ఉంది. పదమూడున్నర. మూడుసార్లు తూచాను. నాలుగోసారి త్రాసు దగ్గరికి వెళ్తుంటే అన్న అడ్డంగా నిలబడ్డాడు.

"తూస్తే తగ్గుతదా చెల్లె?"

"నువ్వు చెప్పినప్పుడే వినాల్సింది అన్నా. తిట్టు."

"తిడ్తే నీ మనసు జర అల్కగైతది. అందుకే తిడ్తలేను."

ప్లాంట్‌కి చెప్పాను. ఆయన అంకె రాసుకుని థాంక్స్ చెప్పాడు. నెలాఖరుకి ఆ గని మూతపడింది. కాంట్రాక్ట్ రద్దుకి కారణంగా కాగితంలో రాసింది నా సంతకం ఉన్న అంకెనే.

కానీ ఆ శుక్రవారం ఇంకో ఫోన్ మిగిలింది. ముసలాయన భార్య ఎత్తింది. నేను నోరు తెరిచేలోపే, "ఈసారి మేం చెయ్యి కూడా పెట్టలేదు, మిస్. మీరు తీసింది తీసినట్టే. ఎలా వచ్చింది?" అంది.

చెప్పాను.

"ఉండండి, ఆయన్ని పిలుస్తాను. బయట తొట్టెలకి మేకులు కొడుతున్నాడు," అని రిసీవర్ బల్లమీద పెట్టిన చప్పుడయింది. సుత్తి దెబ్బలు వినిపిస్తున్నాయి. ఒకటి, ఇంకొకటి. అవి ఆగుతాయని రిసీవర్ చెవికి ఆనించుకుని నిలబడ్డాను.